డ్రాకులా నవలకు జన్మపత్రిక



ఇంగ్లీషు సాహిత్యంలో గోథిక్ నవల అని ఒక శాఖ ఉన్నది. పాడుబడిన కోటలు, అర్ధరాత్రి అడుగుల చప్పుళ్లు, తెరిచిన సమాధులు, తరతరాల శాపాలు, చచ్చియు చావని మనుషులు దాని సామగ్రి. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన ‘ఒట్రాంటో కోట’తో పుట్టి, 1818లో మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’తో ప్రౌఢిమ పొంది, 1897లో బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’తో లోకమంతటా వ్యాపించిన శాఖ అది. కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఇంగ్లీషు సాహిత్యం చదువుకునే మన పిల్లలకు వీటిలో ఏదో ఒకటి తారసపడుతూనే ఉంటుంది. పుస్తకం ఎరుగనివారు సైతం డ్రాకులా పేరు సినిమాల ద్వారా ఎరుగుదురు. ఈ పూట ఆ ‘డ్రాకులా’ను ఎట్లా చదువుకోవచ్చునో మీతో ముచ్చటించదలచినాను.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. నవలను చదివేటప్పుడు, అది పుట్టిన కాలాన్ని కూడా పక్కన పెట్టుకొని చదవండి.

మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే, తల్లి మంచం దిగకముందే, పెద్దవారెవరో ఒకరు గడియారం చూసి, పుట్టిన వేళ, వారము, తిథి, నక్షత్రము, ఊరు అన్నీ కాగితం మీద రాసిపెట్టి, ఆ తరువాత నింపాదిగా పురోహితుని చేత జన్మపత్రిక వేయిస్తారు గదా. పుస్తకానికి కూడా అటువంటి పత్రిక ఒకటి వేసుకొనవలెనని నా మనవి. గ్రహాలకు మారుగా ఆ ఏటి సంగతులు రాసుకుంటాము. ఎవరు రాజ్యం చేస్తున్నారు? ఏ రోగం జనాన్ని భయపెడుతున్నది? ఏ కొత్త యంత్రం ఇళ్లలోకి వచ్చినది? వైద్యులకు ఏది తెలుసు, ఏది తెలియదు? ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఎడమ పుటలో కథ రాయండి. కుడి పుటలో కాలం రాయండి. మళ్లీ చెప్తున్నాను. ఎడమ పుటలో కథ, కుడి పుటలో కాలం. పద్ధతి ఇంతే.

ముందుగా ఎడమ పుట. కథ మీలో చాలామందికి తెలిసినదే గనుక క్లుప్తంగా చెప్తాను. జోనథన్ హార్కర్ అనే యువకుడు, న్యాయవాద వృత్తిలో కొత్తగా అడుగుపెట్టినవాడు, లండన్‌లో ఇల్లు కొనదలచిన ఒక జమీందారు పని మీద ట్రాన్సిల్వేనియా కొండలలోని కోటకు పోతాడు. ఆ జమీందారే డ్రాకులా. హార్కర్‌ను కోటలో బందీ చేసి, యాభై పెట్టెల నిండా తన ఊరి మన్ను నింపుకొని, ఓడ మీద ఇంగ్లండు చేరుతాడు. అక్కడ లూసీ అనే పిల్ల మెడ మీద రెండు చిన్న గాట్లు కనిపిస్తాయి. ఆమె రోజురోజుకు పాలిపోతుంది. వైద్యులు వస్తారు, రక్తం ఎక్కిస్తారు, ఐనను ఆమె దక్కదు. తరువాత హార్కర్ భార్య మీనా మీద ఆ పిశాచపు కన్ను పడుతుంది. వాన్ హెల్సింగ్ అనే డచ్చి ఆచార్యుడు ముందు నడువగా మిత్రులందరూ కలిసి డ్రాకులాను తిరిగి అతని కోట దాకా తరిమి చంపుతారు.

ఇక్కడ విద్యార్థులకు ఒక చిన్న హెచ్చరిక. డ్రాకులాను గుండెలో కొయ్య దించి చంపినారని పరీక్షలలో రాసేవారు చాలామంది ఉంటారు. అది లూసీకి జరిగిన సంగతి, సినిమాల వల్ల వచ్చిన గందరగోళం. పుస్తకంలో డ్రాకులా చచ్చినది రెండు కత్తులతో. ఒకటి అమెరికా వాడైన క్విన్సీ మోరిస్ చేతి బోవీ కత్తి. రెండోది హార్కర్ చేతి కుక్రీ. కుక్రీ అంటే మన గూర్ఖా సిపాయి నడుమున వేలాడే కత్తి. తూర్పు యూరపు పిశాచాన్ని చంపడానికి ఇంగ్లండు యువకుని చేతికి హిమాలయాల కత్తి ఎట్లా వచ్చినది? ఈ ప్రశ్న వేసుకున్నవాడు అప్పుడే కుడి పుటలో అడుగుపెట్టినాడన్నమాట.

ఇక కుడి పుట. రచయిత బ్రామ్ స్టోకర్ 1847లో ఐర్లండులో, డబ్లిన్ దగ్గర పుట్టినాడు. ఏడేండ్లు వచ్చేదాకా జబ్బుతో మంచాన ఉన్న పిల్లవాడు. మంచం పక్కన కూర్చొని తల్లి చెప్పిన కథలలో 1832 నాటి కలరా కథ ఒకటి ఉన్నది. ఆమె పెరిగిన స్లైగో పట్నంలో కలరా సోకినప్పుడు ప్రాణం పోకముందే మనుషులను పూడ్చిన సంగతులు ఆమె కొడుకుకు చెప్పినది. చచ్చినవాడు లేచి వస్తాడనే భయం ఆ బాలుని మనసులో ఏ పురాణం నుంచో వచ్చి చేరలేదు, తల్లి కండ్లతో చూసిన అంటువ్యాధి నుంచి వచ్చినది. పెద్దవాడైన తరువాత అతడు లండన్‌లో హెన్రీ ఇర్వింగ్ అనే మహానటుని నాటకశాలకు వ్యవహారకర్తగా బతుకు వెళ్లదీసినాడు. అన్న థార్న్‌లీ పేరుపొందిన శస్త్రవైద్యుడు. నవలలో తలకు దెబ్బ తగిలిన రెన్‌ఫీల్డ్ అనే రోగి చికిత్స రాసేటప్పుడు స్టోకర్ ఆ అన్ననే అడిగి వివరాలు రాసుకున్నాడు.

ట్రాన్సిల్వేనియాకు స్టోకర్ ఎన్నడూ పోలేదు. 1890 వేసవిలో విట్‌బీ అనే రేవుపట్నపు గ్రంథాలయంలో కూర్చొని పాత పుస్తకం తిరగేస్తుండగా డ్రాకులా అనే పేరు కంటపడ్డది. కోటలు, కొండదారులు, పల్లెల మూఢాచారాలు అన్నీ ఇట్లాగే ఇతరుల పుస్తకాల నుంచి, పటాల నుంచి, రైళ్ల పట్టికల నుంచి ఏరి కూర్చినవి. ఏడేండ్లు పట్టినది. గ్రంథాలయంలో కూర్చొని చూడని దేశాన్ని కట్టినవాని పుస్తకాన్ని గ్రంథాలయంలో కూర్చొనే విప్పవచ్చును. కనుక మన జిల్లా గ్రంథాలయంలో చదువుకునే పిల్లలు అధైర్యపడనక్కరలేదు.

మరొక సంగతి. విక్రమార్కుడు, బేతాళుడు మనకు బాల్యమిత్రులు. ఆ బేతాళకథలను రిచర్డ్ బర్టన్ అనే సాహసి 1870లో ఇంగ్లీషులోకి తెచ్చినాడు. ఆ బర్టన్‌తో స్టోకర్‌కు పరిచయం ఉన్నది. మాట్లాడేటప్పుడు ఆయన కోరపన్ను మెరవడం చూసి తాను చకితుడైనట్టు స్టోకర్ తరువాత రాసుకున్నాడు. నవలలో వాన్ హెల్సింగ్ కూడా ఈ రక్తపిశాచి హిందూదేశంలోనూ ఉన్నదని ఒక మాట అంటాడు. ఐతే మన బేతాళుడు రక్తం తాగడు, ప్రశ్నలు వేస్తాడు. నాకైతే అతడే మేలనిపిస్తాడు.

ఇప్పుడు 1897కు వద్దాము. నవల మే 26న వెలువడినది. నెల తిరగకముందే, జూన్ 22న, విక్టోరియా రాణి సింహాసనమెక్కిన అరవై ఏండ్ల ఉత్సవం లండన్‌లో మహావైభవంగా జరిగినది. ఆ దినమే పూనాలో ప్లేగు అధికారి రాండ్ మీద చాపేకర్ సోదరులు తుపాకి పేల్చినారు. బొంబాయిలో ప్లేగు, దేశంలో కరువు. రష్యా నుంచి వచ్చిన హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ జనవరిలోనే బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి మొదట తన ఒంటికే వేసుకున్నాడు. మన ప్రాంతంలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పాలన. నేటి కరీంనగర్ ఆనాడు ఎలగందుల జిల్లా. జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారినది 1905లో. ఆదిలాబాద్ ప్రాంతం సిర్పూర్ తాండూరు పేరుతో ఉండేది. మన రెండు జిల్లాలకూ అప్పటికి రైలుబండి కూత వినబడలేదు.

ఆనాటి ఇంగ్లండు ప్రధాని సాలిస్‌బరీ ప్రభువు. ఆయన 1875లో భారత వ్యవహారాల మంత్రిగా ఉండగా, ఇండియా నుంచి రాబడి తీయడాన్ని రోగి శరీరం నుంచి రక్తం తీయడంతో పోల్చి, కత్తి ఎక్కడ పెట్టవలెనో సలహా చెప్పినాడు. ఆ మాటను దాదాభాయి నౌరోజీ పట్టుకొని, అదే లండన్ నగరంలో, పార్లమెంటు సభ్యుడై కూడా, జన్మంతా వదలలేదు. ఇదంతా కుడి పుటలో రాసిపెట్టుకొని ఎడమ పుటకు తిరిగి చూడండి. తూర్పు నుంచి వచ్చిన ఒక ప్రభువు లండన్‌లో ఇండ్లు కొని, అక్కడి భాష, అక్కడి చట్టం, అక్కడి రైళ్ల వేళలు నేర్చుకొని, అక్కడి జనుల రక్తం పీలుస్తున్నాడని ఆ నగరం వణుకుతున్నది. ఎవరు ఎవరి దేశానికి పోయి, ఎవరి రక్తాన్ని తీస్తున్న కాలంలో ఈ భయం పుట్టినది? పండితులు దీని మీద పుంఖానుపుంఖాలుగా రాసినారు గాని, ఎలగందుల కోట నీడన కూర్చున్న మన విద్యార్థి ఈ ప్రశ్నను ఎవరి సహాయం లేకుండా వేయగలడు. అది మన పక్షాన ఉన్న సౌకర్యం.

ఇక విజ్ఞానం. ఈ నవలలో పాడుకోట ఎంత ఉన్నదో కొత్త యంత్రాలూ అంత ఉన్నాయి. లూసీకి వైద్యం చేసే డాక్టర్ సీవార్డ్ తన దినచర్యను కాగితం మీద రాయడు. ఫోనోగ్రాఫ్ ముందు కూర్చొని మాట్లాడి మైనపు గొట్టాల మీద ఎక్కిస్తాడు. మీనా షార్ట్‌హ్యాండ్ నేర్చినది. టైప్‌రైటర్ మీద అందరి డైరీలనూ వేళల వరుసన ప్రతులు తీస్తుంది. తంతివార్తలు పరుగెత్తుతాయి. డ్రాకులా ఒకనాడు ఆ కాగితాలను నిప్పులో వేస్తాడు. కాని మరొక ప్రతి ఇనుపపెట్టెలో భద్రంగా ఉంటుంది. వెల్లుల్లి దండలు, శిలువలు కండ్లకు కడతాయి గనుక అవే గుర్తుంటాయి. ఆ పిశాచాన్ని నిజంగా పట్టించినది మీనా టైపు చేసిన కాగితాల దొంతర. ఇది నా తీర్పు. మీరు చదివి కాదనవచ్చును. అంత పని చేసిన పిల్లను మెచ్చుకుంటూ, మగవాని మెదడు కలదని వాన్ హెల్సింగ్ అనడం మాత్రం ఆ కాలపు అహంకారం. అతని విరిగిన ఇంగ్లీషు ఉపన్యాసాలు కూడా విసుగు పుట్టిస్తాయి. చివరి భాగం సాగదీసినాడు. ఇవన్నీ ఒప్పుకుంటూనే చదువుదాము.

అన్నిటికన్న గొప్ప సంగతి రక్తం. లూసీకి నలుగురు పురుషుల రక్తం ఎక్కిస్తారు. మొదట ఆమెను చేసుకోబోయే ఆర్థర్, తరువాత డాక్టర్ సీవార్డ్, తరువాత వాన్ హెల్సింగ్, చివరకు క్విన్సీ. ఎవరి రక్తం ఎవరికి పడుతుందో పరీక్షించరు. ఆర్థర్ బలిష్ఠుడు, యువకుడు, కావున అతని రక్తం మంచిదంటారు. నేటి ఇంటర్మీడియెట్ విద్యార్థి సైతం ఇది చదివి ఉలిక్కిపడతాడు. ఏ గ్రూపు అని అడగకుండా రక్తం ఎక్కించడమేమిటి? కుడి పుట జవాబు చెప్తుంది. రక్తంలో గ్రూపులున్నవని వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకటించినది 1901లో. నవల వచ్చినది 1897లో. నాలుగేండ్ల తేడా. స్టోకర్‌ను తప్పు పట్టడానికి వీలులేదు. ఆనాటి వైద్యశాస్త్రం ఎక్కడ నిలిచి ఉన్నదో అతని కలమూ అక్కడే నిలిచినది. రోగి ఒకప్పుడు బతికేవాడు, ఒకప్పుడు చచ్చేవాడు, కారణం ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనమే ఈ నవలకు ఊపిరి.

ఇప్పుడు మన గడప దగ్గరి సంగతి చెప్తాను, వినండి. ‘డ్రాకులా’ లండన్ అంగళ్లలోకి వచ్చిన మూడు నెలలకు, అదే 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్ దండులో, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద చీల్చి చూస్తున్నాడు. మలేరియా జ్వరం చిత్తడినేలల చెడుగాలి వల్ల వస్తుందని లోకం తరతరాలుగా నమ్ముతున్న రోజులవి. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో క్రిమిని చూసినాడు. ఆ క్రిమి ఒంట్లోకి ఎట్లా వస్తున్నదో తెలియదు. దోమను అనుమానించమని మ్యాన్సన్ అనే పెద్ద వైద్యుడు 1894లో లండన్‌లో రాస్‌కు బోధించినాడు. రాస్ ఇక్కడికి వచ్చి, ఎండాకాలపు ఉక్కలో, విసనకర్ర గాలికి దోమలు ఎగిరిపోతాయని పంఖా కూడా మాన్పించుకొని, మరలు తుప్పుపట్టిన సూక్ష్మదర్శినితో వందల దోమలను కోసినాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా ఇచ్చినాడు. రెక్కల మీద మచ్చలున్న ఒక జాతి దోమ కడుపు గోడలో, ఆ దినం, నల్లని రేణువులతో కూడిన కణాలు కనిపించినవి. అవి రోగి రక్తం నుంచి పోయిన మలేరియా క్రిములే. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద పరిశోధన చేసి, వాటి మలేరియా దోమకాటుతోనే వ్యాపిస్తుందని నిరూపించినాడు. 1902లో నోబెల్ బహుమానం వచ్చినది. బేగంపేటలో ఆ భవనం నేటికీ ఉన్నది. ఈ రాస్ వట్టి వైద్యుడు కాడు, పద్యాలు, నవలలు రాసినవాడు కూడా.

రాత్రిపూట కిటికీలోంచి వస్తుంది. నిద్రపోయేవారి రక్తం తాగుతుంది. ఒంటి మీద చిన్న గాటు వదులుతుంది. తరువాత మనిషి పాలిపోతాడు, నీరసిస్తాడు. లండన్ నవలాకారుడు దీనికి పిశాచమని పేరు పెట్టినాడు. సికింద్రాబాద్ వైద్యుడు దోమ అని చూపినాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసినది కాదు. నవల ముందు వచ్చినది, పరిశోధన తరువాత తేలినది. ఐనను ఆ రెండింటి వెనుక ఉన్న సందేహం ఒక్కటే, కనబడకుండా వచ్చి మనిషి రక్తాన్ని చెరుస్తున్నది ఏది అని. 1897 నాటి మనుషులను నిద్రపోనీయని ప్రశ్న అది.

ఉట్నూరు, ఆసిఫాబాద్, తిర్యాణి వైపు గూడేలలో పుట్టి పెరిగిన శ్రోతలకు చలిజ్వరం గురించి నేను చెప్పనక్కరలేదు. వానలు ముదిరితే అడవిపల్లెలలో వణుకుడు జ్వరాలు మొదలౌతాయి. ఒకనాడు వచ్చి, ఒకనాడు విడిచి, మళ్లీ వచ్చే జ్వరం చూసి గాలి సోకిందని, ఎవరో చేసినారని అనుకున్న పూర్వులను నేను ఎగతాళి చేయను. రాస్‌కు ముందు లండన్ వైద్యునికైనా ఆ జ్వరం ఒంట్లోకి ఎట్లా వస్తుందో తెలియదు. తెలిసిన తరువాత కూడా, బాణామతి చేసినాడన్న అనుమానంతో సాటి మనిషిని కొట్టి చంపిన వార్తలు మన ఉత్తర తెలంగాణ పత్రికలలో చదువుతూ వచ్చినాము. అది మాత్రం క్షమించరానిది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఒక తరం తెలుగు పాఠకులను నిద్ర లేకుండా చేసిన నవల. అందులోనూ ఒకవైపు వైద్యులు, ఒకవైపు మాంత్రికులు. దానికి కూడా జన్మపత్రిక వేసి చూడవచ్చును.

అడవి మాట వచ్చినది గనుక ఇంకొక్కటి. గోండు, కొలాం కుటుంబాలలో కొందరికి సికిల్‌సెల్ అనే రక్తదోషం తరతరాలుగా వస్తున్నది. ఎర్రకణాలు కొడవలి ఆకారానికి వంగిపోతాయి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఈ లక్షణం వచ్చిన బిడ్డ నొప్పులతో, రక్తహీనతతో బాధపడతాడు. పలుమార్లు రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఒక్కరి నుంచే వచ్చినవానికి మాత్రం ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. ఆలిసన్ అనే వైద్యుడు 1954లో ఆఫ్రికాలో దీనిని నిరూపించినాడు. మలేరియా ఉన్న అడవులలోనే ఈ లక్షణం ఎందుకు నిలిచినదో దీనితో అర్థమౌతుంది. లూసీ మంచం పక్కన నిలబడి నలుగురు మగవాళ్లు చొక్కా చేతులు మడిచిన ఘట్టం చదివేటప్పుడు, గ్రూపు సరిచూసిన రక్తపు సంచి కోసం జిల్లా ఆసుపత్రిలో ఎదురుచూసే తల్లి మీకు గుర్తుకు వస్తే, మీరు ఆ నవలను ఇంగ్లండు విద్యార్థి కన్న బాగా చదివినట్టే.

కావున విద్యార్థులారా, రాబోయే సెలవులలో ఈ పుస్తకం చేతపట్టండి. కాపీహక్కుల గడువు తీరిపోయినది గనుక ఉచితంగానే దొరుకుతుంది. మొదటి నుంచి చదవడానికి ఓపిక లేకపోతే పదో అధ్యాయం తీసి పన్నెండో అధ్యాయం దాకా చదవండి. రక్తం ఎక్కించే ఘట్టాలన్నీ అక్కడే ఉన్నాయి. ఎడమ పుటలో కథ, కుడి పుటలో కాలం. కుడి పుటలో మొదట 1897 వేయండి, దాని కింద సికింద్రాబాద్ అని రాయండి, ఆ కింద 1901 వేసి లాండ్‌స్టైనర్ పేరు రాయండి. మిగిలిన పుట మీరే నింపగలరు.

ఇక చలిజ్వరంతో మూలుగుతున్న ఇంట్లో ఎవరైనా ఈ మాటలు వింటూ ఉంటే, నవల సంగతి తరువాత చూసుకోవచ్చు. తాయెత్తు కన్న ముందు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి రక్తపరీక్ష చేయించుకోండి.